పోయిందనుకున్న లైకెన్, శిలీంధ్రం మన గోదావరి డెల్టాలో వెతకడం ఎలా

మృగశిర చినుకులు పడగానే నా ఫోన్ నిండిపోతుంది. కొబ్బరి మొద్దు మీద తెల్ల మచ్చ, మామిడి కొమ్మకు బూడిద రంగు పొలుసు, గోడ మీద ఎర్ర పాచి, పేడకుప్ప మీద గొడుగు (పుట్టగొడుగు). అందరూ అడిగేది ఒకటే. "మాస్టారూ, ఇది అరుదైనదా? ఎక్కడా కనపడకుండా పోయిందంటున్నారే, అలాంటిదేనా?"

ఒక్క ఫోటో చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక తగ్గింది కాబట్టి పని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. లైకెన్ అంటే శిలీంధ్రమూ నాచూ కలిసి చేసే కాపురం. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. ఇక "పోయింది" అంటే చచ్చిపోయిందని తేలినట్టు కాదు, చాలా ఏళ్ళుగా ఎవరూ చూసి రాయలేదని. చిలీ దేశంలో నహుఎల్‌బుటా కొండల్లో ఉండే ఒక పుట్టగొడుగు 1988 తర్వాత ఎవరికీ కనపడలేదు. 2023లో ఫంగీ ఫౌండేషన్ బృందం ఆ కొండలకే వెళ్ళి వెతికితే దొరికింది. నహుఎల్‌బుటా అంటే అక్కడి మపుచే భాషలో పెద్ద ప్యూమా అట, అందుకని దానికి 'బిగ్ ప్యూమా ఫంగస్' అని పేరు. మనం నేర్చుకోవలసింది వాళ్ళు వెతికిన పద్ధతి. పాత రికార్డు పట్టుకుని పాత చోటుకే వెళ్ళాలి. దొరికినా దొరక్కపోయినా ఇంకొకరు సరిచూసుకోగలిగేలా రాసి పెట్టాలి.

కావలసినవి

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం (కంసాలి కంటికి పెట్టుకునేది చాలు). మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు. నీళ్ళ స్ప్రే సీసా. పదునైన చిన్న చాకు. పాత న్యూస్‌పేపర్, బ్రౌన్ పేపర్ కవర్లు. పెన్సిల్, అట్ట ఉన్న నోట్‌బుక్. పెన్ను వద్దు, కోరంగి మడ అడవి తేమకు సిరా పాకిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు మూడు, టిష్యూ పేపర్, సిలికా జెల్. వీలైతే 365 నానోమీటర్ల యూవీ టార్చ్. ఇంకా వీలైతే ఫోల్డ్‌స్కోప్, అంటే కాగితంతో మడిచే సూక్ష్మదర్శిని. 140 రెట్ల వరకు చూపిస్తుంది.

కెమెరా కొనకండి. మీ ఫోన్ చాలు.

1. ముందు ఇంట్లో కూర్చుని ఒక్క పేరు ఎంచుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి తోటలోకి వెళ్ళిపోతారు. ఏం వెతుకుతున్నారో తెలియకుండా తిరిగితే కనిపించిందల్లా అరుదైనదే అనిపిస్తుంది.

మన డెల్టా మీద పాత రికార్డులు ఉన్నాయి. 2000వ సంవత్సరం అటూఇటూగా మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన శర్మ, విఠల్ అనే శాస్త్రవేత్తలు గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవుల్లో కుళ్ళుతున్న కర్ర మీద పెరిగే శిలీంధ్రాలను జాబితా వేశారు. ఏ చెట్టు కర్ర మీద ఏది కనిపించిందో కూడా అందులో ఉంది. ఆ పేర్లు తీసుకుని, ఒక్కొక్కటి ఆ తర్వాత మన వైపు ఎవరికైనా కనిపించిందా అని జీబీఐఎఫ్ (ప్రపంచమంతటి జీవజాతుల రికార్డులు ఉంచే వెబ్‌సైట్)లో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో వెతకండి. తర్వాత రికార్డు లేని పేరు మీ గురి. లైకెన్లకు లక్నోలోని ఎన్‌బీఆర్‌ఐ (జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థ) హెర్బేరియం, అంటే ఎండిన నమూనాలు దాచే చోటు, మన దేశంలో పెద్దది, ఆంధ్ర తీరం నమూనాల గురించి అక్కడికి రాయవచ్చు.

ఇక్కడ రెండు చోట్ల జనం బోల్తా పడతారు.

ఒకటి, పేరు మారడం. శిలీంధ్రాల పేర్లు తరచుగా మారతాయి. పాత పేరుతో వెతికితే ఏమీ రాదు, "హమ్మయ్య, పోయిందే దొరికింది" అనుకుంటారు. కొత్త పేరుతో వెతికితే నిరుడు రికార్డే ఉంటుంది. శిలీంధ్రాల పేర్ల వెబ్‌సైట్లు ఇండెక్స్ ఫంగోరమ్‌లో గానీ మైకోబ్యాంక్‌లో గానీ పాత పేరు కొట్టి, ఇప్పటి పేరు రాసుకున్నాకే ముందుకు వెళ్ళండి.

రెండు, ఊరి పేరు. పాత నమూనాలకు అంటించిన చీటీల మీద ఇప్పటి ఊళ్ళ పేర్లు ఉండవు. కాకినాడ 'కొకనాడ', ఇంజరం 'ఇంగెరమ్', జగన్నాథపురం రకరకాల స్పెల్లింగుల్లో ఉంటుంది. కొన్నిసార్లు ఉత్త 'సర్కార్లు' అని రాసి వదిలేస్తారు, అది శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఏదైనా కావచ్చు. విలియం రాక్స్‌బరో సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించినవాడు. ఆయనకు ముందు వచ్చిన కోనిగ్ 1785లో జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. వాళ్ళ కాలం చీటీల్లో 'కోరమాండల్' అనే ఒక్క మాటకి మొత్తం తీరం సరిపోతుంది. అంత వెడల్పు చిరునామా ఉన్న పేరును మీ మొదటి గురిగా పెట్టుకోకండి. ఊరు, చెట్టు, నెల మూడూ తెలిసినదాన్ని ఎంచుకోండి.

ఎంచుకునేందుకు పాత రికార్డు దొరక్కపోతే? అప్పుడు వెతుకులాట కాదు, జాబితా చేయండి. మీ ఊరి చెరువుగట్టు మీది చెట్లన్నిటి లైకెన్లూ ఒక ఏడాది పాటు రాయండి. మన డెల్టాలో చాలా ఊళ్ళకు మొదటి జాబితాయే లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకు అదే పాత రికార్డు అవుతుంది.

2. అనుమతి

కోరంగి 1978 నుంచి అభయారణ్యం. అందులో చీపురుపుల్ల తీయాలన్నా అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. బోర్డువాక్ మీద నడుస్తూ ఫోటో తీయడం వేరు, మొక్క ముక్క తీసుకోవడం వేరు. అనుమతి లేకపోతే ఫోటోలతో ఆగండి. కొబ్బరి తోటలో అయితే యజమానిని అడగండి, "ఏం చేస్తావురా దాంతో" అని నవ్వి పంపిస్తారు, అంతే. గుడి రాళ్ళ మీద, ముఖ్యంగా ద్రాక్షారామం లాంటి చోట చాకు మాట తలవకండి, ఫోటో ఒక్కటే. విదేశంలో ఉన్న నిపుణుడికి నమూనా పోస్టులో పంపడం కూడా చట్టం ఒప్పుకోదు, దానికి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి.

3. కాలం చూసుకోండి

లైకెన్లు ఏడాది పొడుగునా ఉంటాయి. గొడుగులు మాత్రం మృగశిర, ఆరుద్ర కార్తెల్లో మొదటి విడత, మళ్ళీ ఉత్తర నుంచి స్వాతి దాకా రెండో విడత వస్తాయి. పాత రికార్డులో నెల ఉంటే మీ ఇష్టం పక్కన పెట్టి ఆ నెలలోనే వెళ్ళండి.

మడ అడవికైతే కార్తె కంటే పోటు, పాటు ముఖ్యం. పాటు మొదలయ్యాక దిగి, పోటు తిరిగే గంట ముందే బయటపడాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, వేగంగా వస్తుంది. పడవ నడిపే ఆయన మాట వినండి. "ఇంకో పది నిమిషాలు బాబాయ్" అని ఒకసారి నేను మొండికేశాను. నడుం లోతు నీళ్ళలో, నెత్తి మీద కవర్ల సంచి పెట్టుకుని తిరిగొచ్చాను. కవర్లు తడిశాయి, పెన్సిల్ రాత మాత్రం మిగిలింది.

ఒంటరిగా దిగకండి. బురద మోకాలు దాటుతుంది, వేళ్ళకు అంటుకున్న ఆల్చిప్పలు కాళ్ళు కోస్తాయి, చెప్పులు కాదు బూట్లే. అన్నిటికంటే ముఖ్యం తిల్ల చెట్టు. దాని కొమ్మ విరిగితే తెల్లని పాలు కారతాయి. కంట్లో పడితే చూపు పోయేంత మంట, ఒంటి మీద పడితే బొబ్బలు. తిల్ల కర్ర మీద చాకు పెట్టేటప్పుడు కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పడితే వెంటనే మంచినీళ్ళతో కడుగుతూ డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.

4. ఎక్కడ చూడాలి

కొబ్బరి. కోనసీమలో లైకెన్లకు ఇదే పెద్ద ఇల్లు. నేల నుంచి మనిషి ఎత్తు దాకా, ఎండ తగిలే వైపు ఒకటి, నీడ వైపు ఇంకొకటి ఉంటాయి. రెండూ చూడండి. పాత చెట్లు ముఖ్యం. 1996 నవంబరు తుపాను కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లను కూల్చింది. ఇప్పుడున్న తోటల్లో చాలా భాగం ఆ తర్వాత నాటినవే. అంతకు ముందు చెట్టు ఎక్కడైనా నిలబడి ఉంటే (తాతల కాలం నాటిదని ఇంటివాళ్ళు చెబుతారు) దాని దగ్గర ఎక్కువసేపు ఆగండి. మొదట్లో సున్నం పూసిన చెట్టు, బోర్డో పేస్టు (రాగి మందు) రాసిన చెట్టు వదిలేయండి. రాగి మందు తగిలిన చోట లైకెన్ బతకదు. ఎప్పుడు పూశారో అడిగి రాసుకోండి, "ఇక్కడ లేదు" అనడానికి అదే కారణం కావచ్చు.

మామిడి. గరుకు బెరడు. పాత కొమ్మల పైభాగం చూడాలి, కాబట్టి గాలివానకు పడిన కొమ్మలే మనకు వరం.

నున్నని బెరడు ఉన్న చెట్లు. వీటి మీద ఎవరో పెన్నుతో గీసినట్టు నల్ల గీతలు కనిపిస్తాయి. అవి గ్రాఫిస్ జాతి లైకెన్లు. తొంభై శాతం మంది వీటిని చూడకుండా దాటిపోతారు. నిజమైన అరుదైనవి దొరికే అవకాశం ఎక్కువున్నది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే అందంగా ఉండవు, ఎవరూ ఫోటో తీయరు.

మడ చెట్లు. తెల్లమడ, నల్లమడ, పొన్న. పోటు నీళ్ళు తగిలే గీత ఎంత ఎత్తులో ఉందో బెరడు మీది బురద చెబుతుంది. లైకెన్లు ఆ గీతకు పైన, సముద్ర శిలీంధ్రాలు ఆ గీతకు కింద పడి ఉన్న కర్రలో. తూర్పు తీరంలో సముద్రగాలి తగిలే చెట్ల మీద పెరిగే రోసెల్లా మోంటాగ్నై బూడిద రంగు తీగల గుత్తిలా ఉంటుంది, దాన్ని ఒకసారి చూసి కన్ను అలవాటు చేసుకోండి. ఈ రోసెల్లా కుటుంబం నుంచే ఒకప్పుడు ఊదారంగు అద్దకం, లిట్మస్ తీసేవారు.

రాయి, పాత గచ్చు. కాలువ లాకులు, పాత వంతెనలు, సమాధులు. సున్నపు గచ్చు మీద ఉండేవి నల్లరాయి మీద ఉండవు, కాబట్టి ఒకే గోడలో రెండూ విడిగా చూడండి. రాయి మీద సంవత్సరం చెక్కి ఉంటే ఫోటో తీసుకోండి, ఆ రాయి అక్కడ నిలబెట్టిందైతే లైకెన్ వయసు అంతకు మించదు.

5. అసలది లైకెనేనా?

నాకు వచ్చే ఫోటోల్లో సగం లైకెన్లు కావు. ఈ పరీక్షలు చేసి పంపితే ఇద్దరికీ మేలు.

నీళ్ళు చల్లండి. నిమిషంలో బూడిద రంగు కాస్త పచ్చబడితే లోపల నాచు ఉన్నట్టు, లైకెన్ కావచ్చు. మారకపోతే సున్నపు చుక్క, పక్షి రెట్ట, పాత పెయింటు, పొలుసు పురుగు, ఏదైనా కావచ్చు. కొన్ని లైకెన్లు కూడా పెద్దగా మారవు, కాబట్టి రెండో పరీక్ష చేయండి. అంచున గోటితో కొద్దిగా గీకి భూతద్దంతో చూడండి. తెల్లని పొర కింద సన్నని ఆకుపచ్చ గీత కనిపిస్తే లైకెన్.

ఎర్ర పాచి గురించి విడిగా చెప్పాలి. గోడల మీద, కొబ్బరి మొద్దుల మీద తుప్పు పట్టినట్టు నారింజ రంగులో మెత్తగా వెల్వెట్‌లా ఉంటుంది. అది ట్రెంటిపోలియా అనే నాచు. పేరుకు ఆకుపచ్చ నాచే, రంగు మాత్రం నారింజ. లైకెన్ కాదు, అరుదు అసలే కాదు.

మామిడి పుల్లల మీద చిన్న తెల్ల విసనకర్రలు, కింద మొప్పలు (అడుగున వరుసగా ఉండే పలుచని రేకులు) నిలువునా చీలి ఉంటే షైజోఫిల్లమ్ కమ్యూన్ అనే శిలీంధ్రం. ప్రపంచమంతా ఉంది. కొబ్బరి మొదట్లో గట్టిగా, మెరుస్తూ, గోధుమరంగు అరలా వస్తే గానోడెర్మా. అది రికార్డు సంగతి కాదు, తెగులు సంగతి. రైతుకి వెంటనే చెప్పండి, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రం వాళ్ళను సంప్రదించమనండి.

తోట యజమాని "ఈ పాచి చెట్టుని తినేస్తుందా" అని తప్పకుండా అడుగుతాడు. తినదు. బెరడు మీద కూర్చుంటుంది, అంతే. ఈ మాట చెప్పకుండా వస్తే మర్నాడు పీచుతో గీకేసి సున్నం కొడతాడు.

6. ఫోటోలు: ఐదు, ఈ వరుసలో

చెట్టు మొత్తం. మొద్దులో ఆ భాగం. స్కేలు పక్కన పెట్టి దగ్గరగా. భూతద్దాన్ని ఫోన్ లెన్సుకు ఆనించి ఇంకా దగ్గరగా. చివరగా అంచు లేదా అడుగు భాగం, గొడుగైతే మొప్పలు, కాడ మొదలు.

రూపాయి నాణెం స్కేలుగా పెట్టకండి. చలామణీలో 25, 22, 20 మిల్లీమీటర్ల రూపాయి బిళ్ళలు ఉన్నాయి, ఏది పెట్టారో నాకెలా తెలుస్తుంది?

లొకేషన్ ఆన్ చేసి తీయండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే లొకేషన్ సమాచారం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

7. అక్కడే రాయండి

తేదీ, సమయం, ఊరు, చెట్టు పేరు, ఎత్తు, ఏ దిక్కు, ఎండా నీడా, పక్కన ఇంకేమున్నాయి. గొడుగైతే వాసన, కోస్తే రంగు మారిందా, ఎంతసేపటికి. ఇంటికెళ్ళి రాద్దామనుకుంటే చెట్టు పేరే మర్చిపోతారు. నేను తెచ్చిన మొదటి ఇరవై కవర్లలో తొమ్మిదింటి మీద "చెట్టు బెరడు" అని ఉంది. ఏ చెట్టో ఈ రోజుకీ తెలియదు. పారేయలేక దాచాను, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

8. నమూనా తీయడం

అక్కడ ఒకే ఒక్కటి ఉంటే తీయకండి. ఫోటోతో ఆగండి. పది ఉంటే ఒకటి, అదీ మొత్తం కాదు, పావు వంతు. లైకెన్‌ను గోటితో గీకితే పొడి అవుతుంది, పనికిరాదు. బెరడు పై పొరతో కలిపి పలుచగా చెక్కాలి, చెట్టు పచ్చి భాగం తగలకూడదు. పడిన కొమ్మ మీద ఉంటే కొమ్మ ముక్కే తెచ్చుకోండి. రాతి మీద అతుక్కున్నవి మనలాంటి వాళ్ళు తీయలేరు, ఉలి పెడితే రాయి పాడవుతుంది. వదిలేయండి.

గొడుగును పైన పట్టి పీకకండి. కాడ కింద మట్టితో సహా చాకుతో లేపండి. గుర్తుపట్టే లక్షణం చాలాసార్లు మట్టిలో ఉండిపోతుంది.

ఏదీ రుచి చూడకండి. "కొంచెం నాలుక మీద పెట్టి చూడొచ్చు" అని చెప్పేవాళ్ళుంటారు. వద్దు. పుట్టమీద వచ్చే పుట్టగొడుగులు కూర వండుకోవడం మన ఇళ్ళలో ఉన్న పద్ధతే, కానీ తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన ఒకే బుట్టలో వేయకండి.

ప్లాస్టిక్ కవరులో నమూనా పెట్టకండి. గంటలో చెమట పట్టి కుళ్ళుతుంది.

9. గొడుగు అయితే బీజాల (స్పోర్ల) ముద్ర

కాడ కోసేసి, టోపీని మొప్పలు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టండి. కాగితం సగం తెలుపు, సగం నలుపు ఉండాలి, తెల్ల బీజాలు తెల్ల కాగితం మీద కనపడవు. పైన గ్లాసు బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకు ముద్ర పడుతుంది. పడకపోతే గొడుగు ముదిరిపోయింది, లేదా ఎండిపోయింది. ఒక చుక్క నీళ్ళు టోపీ పైన వేసి మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఫ్యాన్ కింద మాత్రం పెట్టకండి.

10. మడ కర్ర అయితే డబ్బా పద్ధతి

సముద్ర శిలీంధ్రాలు చెట్టు దగ్గర కనపడవు. ఓపిక ఉన్నవాళ్ళకే ఇది. అనుమతితో, పోటు గీత కింద చాలాకాలంగా నానిన జానెడు కర్ర ముక్కలు తెచ్చి, పైన బురద కడగండి. మెత్తగా నొక్కుకుపోయేది వద్దు, పచ్చి కర్రా వద్దు. గోరు కొద్దిగా దిగే కర్ర తీసుకోండి. మరిగించి చల్లార్చిన ఉప్పునీటితో (అక్కడి నీళ్ళే సీసాలో తెచ్చుకోండి) తడిపిన టిష్యూ డబ్బాలో పరిచి, దాని మీద కర్ర పెట్టి మూత వేయండి. ఒక్కో చెట్టుకి ఒక్కో డబ్బా. డబ్బా మీద పేరు, తేదీ.

వారానికోసారి తీసి భూతద్దంతో చూడండి. ఆవగింజలో సగం కూడా లేని నల్ల చుక్కలు కర్రలో పొదిగినట్టు వస్తాయి. కొన్నిటికి వారాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. చుక్కను బ్లేడుతో అడ్డంగా కోసి, లోపలి జిగురు కొద్దిగా గాజు పలక మీద నీటిచుక్కలో పెట్టి ఫోల్డ్‌స్కోప్‌లో చూస్తే బీజాలు కనిపిస్తాయి. రెండు గదులుగా, గోధుమరంగులో ఉంటే వెర్రుకులినా ఎనాలియా అయ్యే అవకాశం ఎక్కువ, మడ కర్ర మీద మామూలుగా ఉండేదే. అది కాకుండా దారాల్లాంటి తోకలున్న బీజాలు కనిపిస్తే ఫోటో తీసి జాగ్రత్త చేయండి.

డబ్బా నిండా ఆకుపచ్చ బూజు పట్టిందంటే నీళ్ళు ఎక్కువయ్యాయి. టిష్యూ తడిగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు.

11. ఆరబెట్టడం, దాచడం

మన ఊళ్ళలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఎండలో పెడితే రంగు పోతుంది, నీడలో పెడితే బూజు పడుతుంది. లైకెన్లకు న్యూస్‌పేపర్ మడతల్లో, ఫ్యాన్ గాలికి రెండు మూడు రోజులు చాలు. రోజూ పేపర్ మార్చండి. గొడుగులకు అట్టపెట్టెలో 60 వాట్ల పాత రకం బల్బు పెట్టి, పైన వలమీద ముక్కలు పరిచి, పెట్టెకు పైనా కిందా చిల్లులు పెట్టండి. వేడి 40, 45 డిగ్రీలు దాటకూడదు. చేయి పెడితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. బల్బుకి అట్ట తగలకుండా చూసుకోండి, ఇల్లు వదిలి వెళ్ళకండి. ఎల్‌ఈడీ బల్బు పెట్టి "ఆరలేదండీ" అని ఫోన్ చేసినవాళ్ళున్నారు.

వంచితే పుటుక్కున విరగాలి. సాగితే ఇంకా ఆరలేదు. ఆరాక కాగితం కవర్లో పెట్టి, ఆ కవరును జిప్ కవర్లో కట్టి, డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచండి, పురుగు గుడ్లు చస్తాయి. తర్వాత సిలికా జెల్ ఉన్న డబ్బాలో. జెల్ రంగు మారితే వేయించి మళ్ళీ వేయండి. కలరా ఉండలు వేయకండి.

12. రంగు పరీక్షలు

లైకెన్లకు మాత్రమే. నమూనా నుంచి చిటికెడు ముక్క తీసి దాని మీద చేయాలి, చెట్టు మీద కాదు.

బట్టల బ్లీచ్ (సోడియం హైపోక్లోరైట్) ఒక చుక్క అగ్గిపుల్ల కొసతో వేయండి. రోసెల్లా మోంటాగ్నై అయితే వెంటనే ఎర్రబడి, కాసేపటికి పోతుంది. కాబట్టి కళ్ళు ఆర్పకుండా చూడండి. బ్లీచ్ సీసా తెరిచి చాలా రోజులైతే పనిచేయకపోవచ్చు. ఎర్రబడుతుందని తెలిసిన ముక్క మీద ముందు వేసి చూసుకోండి, లేకపోతే "రంగు రాలేదు" అనే మాటకు విలువ లేదు. బ్లీచ్‌ను బాత్రూమ్ యాసిడ్ దగ్గర కూడా పెట్టకండి, రెండూ కలిస్తే విషవాయువు. రెండో మందు పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో, తెలిసినవాళ్ళ సమక్షంలోనే చేయించుకోండి.

యూవీ టార్చ్ మాత్రం హాయిగా ఎవరైనా వాడొచ్చు, కంట్లో కొట్టుకోకుండా. కొబ్బరి మొద్దు మీద బూడిద రంగులో గుండ్రంగా అతుక్కుని పెరిగే రెండు జాతులు ఒకేలా ఉంటాయి. చీకట్లో టార్చ్ వేస్తే పిక్సీన్ కోకోయిస్ పసుపుపచ్చగా వెలుగుతుంది, డిరినేరియా అలా వెలగదు. పొటాషియం మందు వేస్తే తిరగబడుతుంది: డిరినేరియా పసుపు అవుతుంది, పిక్సీన్ మారదు. కోకోయిస్ అనే పేరు కొబ్బరి నుంచే వచ్చింది. రాత్రి తోటలో తిరిగేటప్పుడు ఒక మాట, తేళ్ళు కూడా ఆ టార్చ్ వెలుగులో మెరుస్తాయి. పసుపుపచ్చగా కాకుండా నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో కదులుతూ ఉంటే అది లైకెన్ కాదు.

13. పేరు సరిచూసుకోవడం

ఫోన్ యాప్ ఇచ్చే పేరు ఊహ మాత్రమే. ఉష్ణమండలపు లైకెన్లకు ఆ యాప్‌లకు చూపించిన ఫోటోలే తక్కువ, అందుకని యూరప్‌లో ఉండే పేరు తెచ్చి అంటగడతాయి. మీ యాప్ యూరప్ అడవిలో పెరిగేదాన్ని రావులపాలెంలో చూపిస్తే పండగ చేసుకోకండి.

మీ దగ్గర ఉన్నది నిజంగా పాత రికార్డులోదేనా అని తేల్చుకోవడానికి ఈ ప్రశ్నలు వేసుకోండి. పాత వర్ణనలో ఉన్న కొలతలు (బీజం పొడవు, వెడల్పు) నా కొలతలతో కలుస్తున్నాయా? ఒక్క బీజం కాదు, కనీసం ఇరవై కొలిచానా? చెట్టు అదేనా? దగ్గరి చుట్టాల్లో దేనితో పొరబడే వీలుంది, అది కాదని ఏ లక్షణం చెబుతోంది? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే పేరు చివర ప్రశ్నార్థకం పెట్టండి. ప్రశ్నార్థకం ఉన్న రికార్డుకి పరువు తక్కువేమీ కాదు.

తర్వాత నిపుణుడు. లైకెన్లకు లక్నో ఎన్‌బీఆర్‌ఐ, శిలీంధ్రాలకు పుణేలోని అఘార్కర్ పరిశోధనా సంస్థ, స్థానికంగా హైదరాబాద్‌లో ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం. ముందు ఉత్తరం రాయండి, ఫోటోలు, నోట్సు జతచేయండి. వాళ్ళు పంపమంటేనే నమూనా పంపండి. సగం మీ దగ్గర ఉంచుకోండి, ఒకసారి నా పార్సిల్ దారిలో ఎక్కడో తడిసి ముద్దయి చేరింది. డీఎన్‌ఏ పరీక్ష అవసరమైతే వాళ్ళే చెబుతారు. హెర్బేరియంలో నమూనాకు నంబరు పడ్డాకే "మళ్ళీ దొరికింది" అనే మాట వాడండి. పేపర్ విలేకరికి ఫోన్ చేయడం ఆ తర్వాత.

జవాబు రావడానికి నెలలు పడుతుంది. అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక లైకెన్ దశాబ్దాల పాటు హెర్బేరియం కవర్లలో వేరే పేరుతో పడుకుని, 2020లో కోరా టిముకువా అని సొంత పేరు తెచ్చుకుంది. మీ కవరుకి ఆరు నెలలు ఎక్కువేం కాదు.

నిజంగా అరుదైనదని తేలితే ఖచ్చితమైన చోటు అందరికీ చెప్పకండి. జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో లొకేషన్‌ను 'అబ్స్‌క్యూర్డ్' అని పెడితే సుమారు ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చూపిస్తుంది. తోట యజమానికి మాత్రం చెట్టు చూపించి చెప్పండి, లేకపోతే సంక్రాంతికి సున్నం పడుతుంది.

14. దొరకకపోతే

ఎక్కువసార్లు జరిగేది ఇదే. దీన్ని రాయకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఎన్ని చెట్లు చూశారు, ఎంతసేపు, ఏ కార్తెలో, ఎందుకు కనపడలేదని మీ అనుమానం. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది, కావాలంటే ఇదే నమూనాగా వాడుకోండి:

"పుష్యమి కార్తె. పొద్దున్న 7 నుంచి 10:30. ఇద్దరం. కాలువగట్టు, పాత కొబ్బరి 41 చెట్లు, మనిషి ఎత్తు దాకా నాలుగు దిక్కులా. 12 చెట్లకు సున్నం, పోయిన ఏడాది పూశారట. గురి పెట్టుకున్నది లేదు. డిరినేరియా 26 చెట్ల మీద, పిక్సీన్ 9. గ్రాఫిస్ రకం ఒకటి తెలియదు, కవరు నంబరు 212. పైకి ఎక్కి చూడలేదు. దింపు తీసేవాళ్ళు వచ్చే రోజు కనుక్కుని, పైనుంచి ఫోటో తీసి పెట్టమని అడగాలి. మళ్ళీ స్వాతిలో."